తొమ్మిది వేల గిటారుకి ఆరున్నర వేల పికప్‌లు

నాలుగేళ్ళ కిందట నేను చేసిన ఒక తెలివితక్కువ పనితో మొదలెడతాను. తొమ్మిది వేలు పెట్టి ఎలక్ట్రిక్ గిటారు కొన్నాను. రెండో నెలకే దాని పికప్‌లు, అంటే తీగల ఊపుని కరెంటుగా మార్చే అయస్కాంతపు చుట్టలు, బాగోలేవని నాకు నేనే తేల్చేసుకుని, ఆరున్నర వేలు పోసి కొత్తవి తెప్పించాను. బిగించాను, యాంప్ ఆన్ చేశాను. అదే రొద, అదే అపశ్రుతి, వేళ్ళకి అదే మంట. గుమ్మంలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్న మా నాన్న తలెత్తి, "ఏట్రా, డబ్బులెట్టి కొన్నది కూడా ఇలాగే ఏడుస్తోందేటి?" అన్నారు.

ఏడుపు పికప్‌లది కాదని తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. విజయనగరంలో, ఆ మాటకొస్తే శ్రీకాకుళంలో కూడా, ఇప్పుడు ప్రతి వీధికీ ఒక కుర్రాడు ఆన్‌లైన్లో ఎనిమిది వేలదో పది వేలదో ఎలక్ట్రిక్ గిటారు తెప్పించుకుని, ఆర్నెల్లకి దాన్ని మంచం కిందకి తోసేస్తున్నాడు. వాడికి చెప్పేవాళ్ళు రెండు రకాలు. "వాయించేవాడి చేతిలో ఉంటుంది గానీ వాయిద్యంలో ఏముంది" అనేవాళ్ళు ఒక రకం. "కొంటే యాభై వేలది కొను, లేదంటే మానెయ్" అనేవాళ్ళు రెండో రకం. నన్నడిగితే రెండూ తప్పే. మొదటిది మరీ తప్పు, ఎందుకంటే అది వినడానికి పెద్దమనిషి మాటలా ఉంటుంది.

చేతిలోనే ఉంటే, నట్ ఎత్తుగా ఉన్న గిటారు మీద ఎఫ్ కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే పట్టు) పట్టి చూడమనండి. తలకాయ దగ్గర తీగలన్నీ గాడుల్లో కూర్చునే చిన్న ప్లాస్టిక్ ముక్కనే నట్ అంటారు. చవక గిటార్లలో ఆ గాడుల్ని చాలినంత లోతుగా కొయ్యరు, ఎందుకంటే ఎక్కువ కోస్తే ఆ ముక్క పనికిరాదు, తక్కువ కోస్తే ఎవడూ తిరిగి పంపడు. దాంతో తీగ మొదటి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) మీద బాగా ఎత్తులో ఉండిపోతుంది. దాన్ని కిందికి నొక్కాలంటే రెట్టింపు బలం కావాలి, ఆ నొక్కుడుకి తీగ సాగి శ్రుతి పైకి పోతుంది. అంటే పిల్లాడు కార్డ్ సరిగ్గా పట్టినా అది తప్పుగానే మోగుతుంది. వాడేమనుకుంటాడు? తన చెవి బాగోలేదనో, వేళ్ళు పొట్టివనో అనుకుంటాడు. మా వీధిలో డిగ్రీ చదివే కుర్రాడొకడు సరిగ్గా ఇలాగే అనుకుని మానేశాడు. తర్వాత వాడి గిటారు నేను చూశాను. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కితే, మొదటి ఫ్రెట్‌కీ తీగకీ మధ్య కాగితమంత సందు ఉంటే చాలు. వాడి గిటారులో ఆ సందులో ఏటీఎం కార్డు దూరింది.

ఈ నట్ సంగతి నాకు తట్టింది గిటార్ల వల్ల కాదు, వీణ వల్ల. మా చిన్నత్తయ్య వీణ ఒకటి మేళం, అంటే మైనంలో నిలబెట్టిన మెట్ల అమరిక, పాడైతే, బాగు చేయించడానికి బొబ్బిలి దగ్గర గొల్లపల్లి తీసుకెళ్ళాను. బొబ్బిలి వీణలు చేసే ఊరు అదే. పనస దుంగ ఒక్కటే తీసుకుని, అందులోంచే కుండ, దండి అన్నీ తొలుస్తారు. నేను చూడాలనుకున్నది చెక్కుడు పని. కానీ అక్కడ వీణలు చేసే పెద్దాయన నన్ను కూర్చోబెట్టి చూపించింది మైనం పని. నల్లటి మైనాన్ని వేడి చేసి దండి మీద పోసి, అందులో ఇరవై నాలుగు మెట్లు ఒక్కొక్కటీ చెవితో విని, జరిపి, మళ్ళీ విని, అదిమి నిలబెడుతున్నాడు. "వీణ అమ్మేటప్పుడు ఇది అంతా చేసి ఇస్తారు కదా, మళ్ళీ ఎందుకండీ?" అని అడిగాను. "ఎండలకి మైనం కదులుద్ది బాబూ, తీగ లాగుద్ది. మేళం సరిచెయ్యకపోతే వీణేటి, చెక్కేటి" అన్నాడు. మా అత్తయ్య ఆ వీణ ఎంతకి కొందో గానీ, ఇన్నేళ్ళలో మేళానికి పెట్టిన డబ్బు గురించి ఒక్కసారీ విసుక్కోలేదు. వీణ ఉన్నాక మేళం ఖర్చు ఉంటుంది, అంతే. కొన్న ధర ఒకటి, వాయించడానికి సిద్ధం చేసే ధర ఇంకొకటి అని వీణ ఇంట్లో ఉన్నవాళ్ళందరికీ తెలుసు.

గిటారు దగ్గరకొచ్చేసరికి ఆ జ్ఞానం ఎక్కడికో పోతుంది. అట్టపెట్టెలో వచ్చింది కాబట్టి మిక్సీలా ప్లగ్ పెట్టి వాడేయొచ్చు అనుకుంటాం. మిక్సీకి ఎండాకాలం, వానాకాలం తేడా ఉండదు. గిటారు నెక్, అంటే మెడ, చెక్కది, దాని మీద ఆరు తీగలు రాత్రీ పగలూ లాగుతూనే ఉంటాయి. ఎక్కడో చైనాలోనో ఇండోనేషియాలోనో తయారై, ఓడలో, లారీలో, గోడౌనులో నెలలు గడిపి, చివరికి విజయనగరం ఉక్కపోతలోకి వచ్చి పడుతుంది. అది వచ్చిన రోజునే సరిగ్గా ఉందంటే అదృష్టం.

అందుకని నా వాదన ఇది. చవక గిటారు నిర్భయంగా కొనండి, కానీ మొదటి వెయ్యి, పదిహేను వందల రూపాయలు దాన్ని వాయించదగ్గదిగా చెయ్యడానికే పక్కన పెట్టుకోండి. పికప్‌లు, శ్రుతి చేసే మెరిసే కీలు, రంగు ప్లాస్టిక్ మూతలు ఆ తర్వాత సంగతి. వందలో తొంభై మందికి ఆ తర్వాత అనేది రానక్కర్లేదు కూడా.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. ఆయన ముప్ఫై ఏళ్ళు గంటస్తంభం దగ్గర్లో రేడియోలు, టేపురికార్డర్లు, టీవీలు బాగుచేశారు. సంగీతం ఒక్క ముక్క రాదు. నా గిటారు మొత్తం బాగుపడింది మాత్రం ఆయన చేతుల్లోనే. ఇదేదో విడ్డూరం అనుకున్నాను, తర్వాత చదివితే తెలిసింది, ఇప్పుడు మనం చూసే ఎలక్ట్రిక్ గిటారు చాలావరకు రూపుదిద్దుకుంది అలాంటి చేతుల్లోనే. లియో ఫెండర్ 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు షాపు పెట్టుకున్న మనిషి. గిటారు వాయించడం రాదాయనకి. 1950ల మొదట్లో టెలీకాస్టర్, 1954లో స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్లు తెచ్చినప్పుడు నెక్‌ని జిగురుతో అతికించకుండా నాలుగు మరలతో బిగించాడు. పాడైతే విప్పి ఇంకోటి పెట్టుకోవడానికే. స్ట్రాటోకాస్టర్‌లో వైర్లన్నీ ఒక ప్లాస్టిక్ పలక కింద, స్క్రూడ్రైవర్ ఉంటే చాలు తెరుచుకునేలా. మనం ఇవాళ కొనే చవక గిటార్లలో చాలా వరకు ఆ స్ట్రాట్ నకళ్ళే, అంటే రిపేరు చేసేవాడు రిపేరు చేసేవాడి కోసం గీసిన బొమ్మకి నకళ్ళు. అలాంటి దాన్ని విప్పకుండా అలాగే ఉంచుకోవడమే నాకు వింతగా అనిపిస్తుంది.

చవకతనం కూడా ఈ వాయిద్యానికి కొత్త కాదు. 1950లలో అమెరికాలో డాన్ఎలెక్ట్రో వాళ్ళు చెక్క చట్రం మీద హార్డ్‌బోర్డు పలకలు బిగించి, లిప్‌స్టిక్ గొట్టాల్లో పికప్‌లు దూర్చి గిటార్లు అమ్మారు. అవి ఇప్పుడు మోజుపడి కొనుక్కునే వస్తువులు. "బాడీ ఏ చెక్క?" అని మొదటి ప్రశ్న వేసేవాళ్ళకి నేనిచ్చే జవాబు అదే.

సరే, పనిలోకి వస్తాను. మొదట తీగలు. గిటారుతో వచ్చిన తీగలు తీసి పారెయ్యండి, అవి ఎప్పుడు ఎక్కించారో దేవుడికే తెలియాలి. కొనేటప్పుడు ఎలక్ట్రిక్ గిటారు తీగలే అడగండి. నాకు ఒక షాపులో "ఏదైనా ఒకటే సార్" అని అకూస్టిక్ తీగలు అంటగట్టారు. అయస్కాంతం పట్టుకునేది ఉక్కుని. లావు తీగల మీద చుట్టిన కంచు తీగని అది పట్టించుకోదు, అందుకే నా గిటారులో సన్నని రెండు తీగలు అరుస్తుంటే లావువి మూలిగేవి. తీగల లావుని అంగుళంలో వెయ్యో వంతుల్లో చెప్తారు, 9 నుంచి 42 సెట్టు కొంటే వేళ్ళకి సుఖం, 10 నుంచి 46 కొంటే శ్రుతి కొంచెం గట్టిగా నిలబడుతుంది. మన చెమటకీ ఉప్పుగాలికీ ఏవైనా త్వరగానే తుప్పు పడతాయి, వాయించాక పాత లుంగీ గుడ్డతో తుడవండి.

తర్వాత ట్రస్ రాడ్. నెక్ లోపల ఉండే ఇనుప కడ్డీ అది, తీగల లాగుడుకి ఎదురు లాగుతుంది. మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ రెండింటి దగ్గరా ఒక తీగని నొక్కిపెట్టి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర సందు చూడండి. పావు మిల్లీమీటరు, అంటే ఒక విజిటింగ్ కార్డు దూరీ దూరనట్టు ఉండాలి. ఎక్కువుంటే అలెన్ కీతో కుడివైపు పావు చుట్టు తిప్పి, కాసేపు వదిలేసి మళ్ళీ చూడాలి. దీని గురించి ఇంటర్నెట్‌లో భయపెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ భయంతో నేను ఆర్నెల్లు ముట్టుకోలేదు. పావు చుట్టు, పావు చుట్టు అనుకుంటూ వెళ్ళండి, గట్టిగా అడ్డం తిరిగితే ఆపెయ్యండి, ఏమీ కాదు.

నట్ దగ్గర మాత్రం నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మొత్తం ఖర్చులో దీనంత ఫలితం ఇచ్చింది ఇంకోటి లేదు. నట్ గాడులు కొయ్యడానికి ప్రత్యేకమైన ఆకురాళ్ళు అమ్ముతారు, సెట్టు ధర చూస్తే గిటారు ధరలో సగం. మా నాన్నకి ఆ బొమ్మ చూపించాను. కళ్ళజోడు పైకి తోసుకుని చూసి, "ఇది వెల్డింగోళ్ళ పుల్లలు కదరా" అని బజారుకెళ్ళి, గ్యాస్ వెల్డింగ్ నాజిల్ శుభ్రం చేసే గరుకు పుల్లల సెట్టు తెచ్చారు. చాకు మడిచినట్టు మడిచి ఉంటాయి, సన్నం నుంచి లావు వరకూ వరసగా, ఒంటి నిండా ఆకురాయి గరుకు. వందా నూట యాభై రూపాయల్లో వచ్చేసింది. ఒక్కో తీగకి సరిపడే పుల్ల తీసుకుని, తలకాయ వైపుకి కొంచెం వాలుగా, నాలుగు రాపిళ్ళు, తీగ పెట్టి చూడటం, మళ్ళీ రెండు రాపిళ్ళు. ఓపిక లేక నేను మూడో తీగ గాడి ఎక్కువ దిగగొట్టేశాను, తీగ ఫ్రెట్‌కి తగిలి గరగరమంది. అయిపోయింది అనుకున్నాను. అప్పుడు తెలిసిన చిట్కా, వంటింట్లో సోడా చిటికెడు ఆ గాడిలో పోసి ఫెవిక్విక్ ఒక్క చుక్క వెయ్యడం. క్షణంలో రాయి అయిపోతుంది, మళ్ళీ కోసుకోవచ్చు. బజ్జీల పిండిలోకి సోడా లేదని మా ఆవిడ ఆ సాయంత్రం గొడవ పెట్టింది, అది వేరే కథ.

గాడులు సరిగ్గా దిగాక, మెత్తటి నల్ల పెన్సిలు మొనతో ఒక్కో గాడిలో గీస్తే తీగ పట్టకుండా జారుతుంది. "కీలు బాగోలేవు, శ్రుతి నిలబడట్లేదు" అని కొత్త కీలు కొనేవాళ్ళలో చాలామందికి అసలు జబ్బు ఇక్కడే ఉంటుంది. కీ తిప్పినా తీగ గాడిలో ఇరుక్కుని కదలదు, కాసేపయ్యాక టక్కున జారుతుంది. ఆ టక్కుమనే చప్పుడు వినిపిస్తే కీల మీద కోప్పడకండి. తీగని కీకి రెండు మూడు చుట్లు శుభ్రంగా చుట్టారా లేదా కూడా చూసుకోండి. అలాగే స్ట్రాట్ రకం గిటార్లకి ఊపే కడ్డీ ఒకటి ఉంటుంది. చవక వాటిలో అది శ్రుతికి శత్రువు. వెనక మూత తీసి, స్ప్రింగులు పట్టుకున్న పంజా మరల్ని బిగించేస్తే బ్రిడ్జ్ (తీగల రెండో కొస కూర్చునే లోహపు ముక్క) బాడీకి ఆనుకుని కదలకుండా కూర్చుంటుంది. ఖర్చు సున్నా.

ఫ్రెట్ల కొనలు చేతికి గుచ్చుకుంటుంటే చిన్న ఆకురాయి, తర్వాత సన్న ఉప్పు కాగితం. చెక్కకి గీతలు పడకుండా టేపు అంటించుకోండి. అంతే, దీని గురించి ఇంకా రాయడానికేమీ లేదు.

ఇక బ్రిడ్జ్ దగ్గర శ్రుతి కుదర్చడం. పన్నెండో ఫ్రెట్ తీగ పొడవుకి సరిగ్గా సగంలో ఉంటుంది. స్ట్రాట్ రకానికి పొడవు 648 మిల్లీమీటర్లు, సగం 324. ఒక్కో ఫ్రెట్‌కి స్వరం 1.0595 రెట్లు పెరుగుతూ పన్నెండు ఫ్రెట్లయ్యేసరికి రెట్టింపు అవుతుంది. కానీ నొక్కితే తీగ కొంచెం సాగుతుంది కాబట్టి, లెక్క ప్రకారం సగంలో ఉన్నా చెవికి కొంచెం పైన వినిపిస్తుంది. అందుకే తీగ కింద ఉన్న చిన్న సాడిల్‌ని వెనక్కో ముందుకో జరుపుతాం. ఫోనులో ట్యూనర్ యాప్ పెట్టుకుని, పన్నెండో ఫ్రెట్ మీద తీగని తాకీ తాకనట్టు మీటిన స్వరాన్నీ, నొక్కి మీటిన స్వరాన్నీ పోల్చండి. నొక్కినది పైకి ఉంటే సాడిల్ వెనక్కి, కిందికి ఉంటే నెక్ వైపుకి. గొల్లపల్లి పెద్దాయన మైనంలో మెట్లు జరిపి చేసేదే మనం ఇక్కడ స్క్రూడ్రైవర్‌తో చేస్తున్నాం. ఆయనకి ఇరవై నాలుగు మెట్లూ జరిపే స్వేచ్ఛ ఉంది, మనకి తీగకొక్క మర.

ఇదంతా అయ్యాక నా గిటారు మీద ఎఫ్ కార్డ్ మోగింది. ఏడాది పాటు నా చెయ్యి బాగోలేదనుకున్నాను.

కానీ రొద మాత్రం పోలేదు. దీన్ని నేను వివరంగా రాయాలి, ఎందుకంటే ఆరున్నర వేలు పోసింది దీనికోసమే.

పికప్ అంటే ఏమిటో నాన్నకి చెప్పబోయాను. ఆరు అయస్కాంతపు మేకులు, వాటి చుట్టూ వెంట్రుక లాంటి రాగి తీగ వేల చుట్లు, పైన ఉక్కు తీగ ఊగితే రాగి చుట్టలో కరెంటు పుడుతుంది అని. సగంలోనే ఆపి, "టేపురికార్డరు హెడ్డే కదా" అన్నారు. అంతే మరి. ఒకటే చుట్ట ఉన్న పికప్ తీగ ఊపునే కాకుండా ఇంట్లో కరెంటు విడిచే 50 హెర్ట్జ్ హమ్‌ని కూడా పట్టుకుంటుంది. దానికి విరుగుడుగా గిబ్సన్ గిటార్ల కంపెనీలో పనిచేసే సెత్ లవర్ 1955లో రెండు చుట్టల హంబకర్ కనిపెట్టాడు. రెండు చుట్టల్నీ ఎదురెదురుగా చుట్టి, అయస్కాంతాల్ని కూడా తిరగేశాడు. ఇంటి రొద రెండింట్లో ఎదురెదురుగా వచ్చి కొట్టుకుపోతుంది, తీగ స్వరం మాత్రం కలిసి రెట్టింపవుతుంది. ఇదంతా నేను చదివే ఉన్నాను. అయినా ఒంటి చుట్ట పికప్‌లు తీసేసి ఇంకా ఖరీదైన ఒంటి చుట్ట పికప్‌లే పెట్టాను. ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది.

ఒక రాత్రి కరెంటు లో వోల్టేజీ అయి ఫాను ఆపేశాం. గిటారు రొద సగానికి పడిపోయింది. నాన్న లేచి కూర్చుని ఫాను మళ్ళీ వెయ్యమన్నారు. రొద వచ్చింది. రెగ్యులేటర్ ఐదు మీదకి తిప్పమన్నారు, తగ్గింది. రెండు మీద పెట్టమన్నారు, కందిరీగల తుట్టె. "రేడియోలో మీడియం వేవ్ వింటుంటే ఇదే రొద వచ్చేది, గుర్తులేదా? జనం రేడియో మోసుకొచ్చీవోరు. నాను ఫాను రెగ్యులేటర్ మార్చుకోమని పంపీవోణ్ణి." ఆ గుండీ తిప్పే పాత ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటు అలని ముక్కలుగా కోసి ఫానుకి ఇస్తుంది. ఆ కోతలే గాలిలోంచి, వైర్లలోంచి గిటారులోకి దూరేవి. మెట్లు మెట్లుగా తిరిగే కెపాసిటర్ రకం రెగ్యులేటర్ తెచ్చి పెట్టాం. మూడు వందల లోపే.

మిగిలిన సగం ఇంటి నుంచే. మా ఇల్లు పాతది, మూడు కన్నాల సాకెట్లు అన్నీ ఉన్నాయి, పై కన్నానికి లోపల వైరే లేదు. ఎర్త్ అనేది అలంకారం. ఎలక్ట్రీషియన్ని పిలిచి, పెరట్లో గొయ్యి తవ్వించి, బొగ్గు, ఉప్పు వేయించి పైపు దింపించి ఎర్త్ లాగించాం. ఇది గిటారు ఖర్చు కింద రాయకూడదు, ఫ్రిజ్జు ముట్టుకుంటే జిల్లుమనే ఇంట్లో ఎవరైనా చేయించుకోవాల్సిందే. ఒక్క మాట గట్టిగా చెప్తాను. రొద తగ్గుతుందని యాంప్ ప్లగ్‌కి ఎర్త్ పిన్ను విరగ్గొట్టేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మాట వినొద్దు. గిటారు తీగలు వైరు ద్వారా ఆ ఎర్త్‌కే కలిసి ఉంటాయి, మీ చెయ్యి తీగల మీద ఉంటుంది, మూతి మైకు దగ్గర ఉంటుంది. ప్రాణాలతో చెలగాటం అది.

ఎర్త్ వచ్చాక కూడా తీగలు ముట్టుకుంటే రొద మారట్లేదు, మారాలి. నాన్న వెనక మూత తీసి, స్ప్రింగుల పంజాకి అతికించిన నల్ల వైరుని గోటితో కదిపారు. ఊడి చేతిలోకొచ్చింది. "డ్రై సోల్డర్" అన్నారు, పాత శత్రువుని బజార్లో చూసినట్టు. బ్రిడ్జ్‌ని ఎర్త్‌కి కలిపే వైరు అదే. ఫ్యాక్టరీలో వేడి చాలక లెడ్డు పైపైన కూర్చుంది, అతుక్కోలేదు. రాపిడి చేసి, ఐరన్ కాసేపు ఆనించి, మళ్ళీ అతికించారు. ఆ ఊపులోనే మల్టీమీటర్ పెట్టి వాల్యూమ్ పాట్, అంటే వాల్యూమ్ గుండీ కింద ఉండే రెసిస్టెన్స్, చూశారు. 250 కిలో ఓమ్‌లు అని ముద్ర ఉన్నది 205 చూపించింది. చవక పాట్‌లలో ఇరవై శాతం అటూ ఇటూ మామూలే, విలువ తగ్గేకొద్దీ స్వరం మందంగా, కంబళి కప్పినట్టు వస్తుంది. వంద రూపాయల పాట్ మార్చితే ఆ కంబళి కొంచెం తొలిగింది.

ఇప్పుడు పరీక్ష. నట్ సరి, రెగ్యులేటర్ సరి, ఎర్త్ సరి, సోల్డర్ సరి. పాత పికప్‌లు మళ్ళీ బిగించి, రెండు మరలతో వాటి ఎత్తు సవరించి వాయించాను, ఫోన్లో రికార్డు చేశాను. కొత్తవి పెట్టి అదే వాయించాను. తేడా ఉంది, లేదని అబద్ధం చెప్పను. పాతవి అడుగున సిరామిక్ అయస్కాంతం అంటించినవి, కొంచెం గట్టిగా, ముక్కుతో పాడినట్టు మోగుతాయి. కొత్తవి ఆల్నికో అనే రకం అయస్కాంతాలవి, కాస్త గుండ్రంగా మోగుతాయి. ఆరున్నర వేల తేడా మాత్రం లేదు. నాన్నకి పాతవే నచ్చాయి, "ఇదే స్పష్టంగా ఉంది" అన్నారు. రేడియో వినే చెవి అది.

ఆ డబ్బు యాంప్‌కి పెట్టి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఎలక్ట్రిక్ గిటారులో మనం వినేది చివరికి స్పీకర్‌ని. ఐదంగుళాల స్పీకరున్న అగ్గిపెట్టె యాంప్‌కి ఏ పికప్ తగిలించినా అగ్గిపెట్టె చప్పుడే వస్తుంది.

మా మావయ్య ఒకాయన విజయనగరం మ్యూజిక్ కాలేజీలో వయొలిన్ నేర్చుకున్న మనిషి. ఆయన అభ్యంతరం వేరు. "మంచి వాయిద్యం మీద నేర్చుకుంటేనే చెవి కుదురుతుందిరా, ఈ కరెంటు చెక్క మీద ఏం కుదురుతుంది" అంటాడు. మొదటి సగానికి ఒప్పుకుంటాను, నేను పైన రాసిందంతా అదే. కానీ ఆ కాలేజీ 1919లో మొదలైనప్పుడు ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, ఫిడేలు నేర్పింది ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఫిడేలు కూడా సముద్రం దాటి వచ్చిన చెక్కే కదా మావయ్యా అంటే నవ్వేసి ఊరుకుంటాడు. కరెంటు సంగతంటారా, మన పాలకొల్లు కుర్రాడు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌ని పట్టుకుని, జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకుని కర్ణాటక కచేరీలు చేశాడు. వాయిద్యాన్ని తనకి కావాల్సినట్టు మార్చుకోవడం తప్పైతే ముందు ఆయన్ని అనాలి.

ఇక ఎంత చేసినా బాగుపడని గిటార్లు కూడా ఉన్నాయి, వాటి మీద డబ్బు పోయొద్దు. నెక్ మెలి తిరిగి ఉంటే వదిలెయ్యండి. తలకాయ వైపు నుంచి ఒక కన్ను మూసి, తుపాకీ గురి చూసినట్టు చూస్తే తెలిసిపోతుంది. ట్రస్ రాడ్ మర తిరగకపోయినా, ఊరికే గిరగిరా తిరుగుతున్నా వదిలెయ్యండి. చివరి తీగ నెక్ అంచు దాటి జారిపోతుంటే నెక్ వంకరగా బిగించారని అర్థం, కొన్నిసార్లు నాలుగు మరలు వదులు చేసి జరిపితే సర్దుకుంటుంది, కొన్నిసార్లు సర్దుకోదు. బాడీ ప్లైవుడ్ అయితే అవ్వనివ్వండి.

సెకండ్ హ్యాండ్ కొనగలిగితే ఇంకా మంచిది. ఇంజనీరింగ్ కాలేజీల చివరి సంవత్సరం కుర్రాళ్ళు వేసవికి హాస్టలు ఖాళీ చేస్తూ అమ్మేస్తుంటారు, మంచం కింద ఉన్నది కాబట్టి ఫ్రెట్లు కూడా అరిగి ఉండవు. మళ్ళీ అమ్మేటప్పుడు మీరు పెట్టిన పికప్‌లకి ఎవడూ పైసా ఎక్కువ ఇవ్వడు. నా గిటారుకి ఎనిమిది వేలు అడిగితే "అన్నా, కొత్తదే తొమ్మిది వేలు కదా, నాలుగిస్తాను" అన్నాడొకడు. అందుకే తీసిన పాత పార్టులన్నీ ఒక డబ్బాలో దాచుకోండి. అమ్మే రోజున పాతవి బిగించి, కొత్తవి విడిగా అమ్ముకోవచ్చు.

నేను అమ్మలేదు. పాత సిరామిక్ పికప్‌లే ఇప్పుడు అందులో ఉన్నాయి, ఆల్నికోవి బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. ఎఫ్ కార్డ్ రాక మానేసిన మా వీధి కుర్రాడి గిటారు నట్ పోయిన ఆదివారం పూర్తి చేశాం. ఇప్పుడు వాడి తమ్ముడికి కూడా ఒకటి కావాలట. వచ్చే ఆదివారం విశాఖలో ఒకటి చూడ్డానికి వెళ్తున్నాం. సంచిలో అలెన్ కీలు, విజిటింగ్ కార్డు, స్క్రూడ్రైవర్, వెల్డింగ్ పుల్లలు. నాన్న మల్టీమీటర్ కూడా పెట్టారు. ఆయనా వస్తానంటున్నారు, ఆ అమ్మే కుర్రాడి దగ్గర పాడైపోయిన యాంప్ ఏదైనా ఉంటే ఊరికే ఇచ్చేస్తాడేమో అడగాలట.